బండి పాతది, షో వేరు

కామవరపుకోటలో ఏలూరు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. మొన్న సంక్రాంతి వెళ్లిన వారంలో అటుగా పోతూ ఆగాను. లోపల ఒక అంబాసిడర్ కారు ముక్కు ఊడదీసి ఉంది. జాలీ, బంపరు, హెడ్‌లైట్ల గిన్నెలు, బానెట్టు విప్పి గోడకు చేరేశారు. రేడియేటరు బయటపడి, ఎర్రదుమ్ము పట్టిన దాని గళ్లు కనిపిస్తున్నాయి. కింద గోనెపట్టా మీద ఇంకో జత సామాను పరిచి ఉంది. చిన్న చిన్న గళ్లున్న వెడల్పాటి జాలీ, దానికి తగ్గ బానెట్టు. బండి మార్క్ ఫోర్. పట్టా మీదున్నది మార్క్ టూ ముఖం.

మేస్త్రీ అరవై దాటిన మనిషి. పాత బానెట్టును బండి మీద ఆనించి, దాని అంచుకూ మడ్‌గార్డుకూ మధ్య చిటికెన వేలు పెట్టి ముందు నుంచి వెనక దాకా నెమ్మదిగా జరిపాడు. ఒకచోట వేలు సులువుగా దూరింది, ఇంకోచోట ఇరుక్కుంది. ఇరుక్కున్న దగ్గర సుద్దతో గీత పెట్టి నాకేసి చూశాడు.

"షో ఒక్కటే మారిస్తే అతకదండీ. ఈ బానెట్టు మూతి వేరు, దాని మూతి వేరు. మారిస్తే జతగా మార్చాలండి, లేదంటే ఊరుకోవాలి."

"ఎందుకు మారుస్తున్నారు మేస్త్రీ గారూ, ఉన్నది బాగానే ఉందిగా?"

"ఒకప్పుడు పాతదానికి కొత్త షో వెయ్యమని వచ్చేవారండి. ఇప్పుడు కొత్తదానికి పాత షో వెయ్యమంటున్నారు. పని అదేనండి, అటుది ఇటు అయింది."

ఆ మాట పట్టుకుని చాలా రోజులు ఆలోచించాను. బండి ముందు భాగాన్ని మన వర్క్‌షాపుల్లో 'షో' అంటారు. లారీకైనా, జీపుకైనా, కారుకైనా అదే మాట. ఆ పేరు వల్లనేమో, షో మార్చడం సోకు కోసం చేసే పని అని చాలామంది అనుకుంటారు. అమెరికాలో పాత కార్లను విప్పి, బరువు తగ్గించి, పెద్ద ఇంజను పెట్టి వేగం కోసం కట్టుకున్న వాళ్లున్నారు. ఆ బండ్లను హాట్‌రాడ్లు అంటారు. వాళ్లు కూడా ఒక ఏడాది కారు ముఖాన్ని తీసి దాని తోబుట్టువు లాంటి ఇంకో ఏడాది కారుకు పెట్టేవాళ్లు. వాళ్ల గురించీ ఇదే అభిప్రాయం ఉంది. నేను దీన్ని ఒప్పుకోను. సోకు ఉంది, కాదనను. కానీ అది తర్వాత వచ్చి చేరింది. ముందు వచ్చినవి నీళ్ల గొట్టాలు, గుద్దుకున్న మడ్‌గార్డులు, దొరకని సామాన్లు.

అసలు కథ 1930లలో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైంది. అక్కడ మ్యూరాక్ లాంటి ఎండిపోయిన సరస్సులున్నాయి. మైళ్ల కొద్దీ బల్లపరుపుగా, గట్టిగా ఉండే నేల. వేసవిలో కొల్లేరు అంచున నీరు తీసి నెర్రెలిచ్చిన నేలను చూసినవాళ్లు ఆ దృశ్యాన్ని ఊహించుకోగలరు. కుర్రాళ్లు పాత కార్లు తెచ్చి అక్కడ వేగం పందేలు కాసేవారు. ఆ పందేలను ఒక పద్ధతిలో నడపడానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పత్రిక మొదటి సంచిక వచ్చింది.

వాళ్ల చేతికి చవగ్గా దొరికింది ఫోర్డ్. 1908 నుంచి 1927 వరకు టీ మోడల్ కోటిన్నర దాకా తయారైంది. దాని తర్వాత వచ్చిన 'ఏ' మోడల్ నలభై లక్షలు దాటింది. ఏ మోడల్‌లో ఉన్నది నాలుగు సిలిండర్ల ఇంజను, బలం 40 హార్స్‌పవర్. 1932లో ఫోర్డ్ సామాన్యుడు కొనగలిగే ధరలో వీ-8 ఇంజను తెచ్చింది. ఎనిమిది సిలిండర్లు, 65 హార్స్‌పవర్. కొన్నేళ్లకు ఆ వీ-8లు తుక్కు దుకాణాలకు చేరాయి. తేలికైన ఏ మోడల్ బాడీలో ఈ బలమైన ఇంజను దింపితే చాలు, బండి ఎగిరిపడుతుంది. కుర్రాళ్లు అదే చేశారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఏ మోడల్ రేడియేటరుకు పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం. వీ-8లో సిలిండర్లు రెండు వరసలు, వరసకో వాటర్ పంపు. కాబట్టి పైన రెండు గొట్టాలు, కింద రెండు గొట్టాలు కావాలి. పాత రేడియేటరు దీనికి అతకదు, అతికించినా చల్లార్చలేదు. 1932 రేడియేటరే పెట్టాలి. ఆ కాలపు కార్లలో ముఖమంటే రేడియేటరుకు తొడిగిన తొడుగే. రేడియేటరు మారాక తొడుగు మారక తప్పదు. అలా 1932 ఫోర్డ్ ముఖం, నిలువు చువ్వల జాలీతో సహా, అంతకు ముందటి ఏ మోడల్ బండ్లకు వచ్చి చేరింది. ఇంజను వెంట ముఖం నడిచి వచ్చింది.

వచ్చిన తర్వాత అది అందంగా ఉందని తోచింది. 1932 తొడుగు ఏ మోడల్ బానెట్టు కన్నా కాస్త ఎత్తు. దాన్ని అడ్డంగా కోసి, పొట్టి చేసి, మళ్లీ అతికారు. నెత్తిన మూత కోసం ఉన్న కంతను పూడ్చి నున్నగా రుద్దారు. ఇంకొన్నాళ్లకు వీ-8 పెట్టనివాళ్లు కూడా ఆ తొడుగు పెట్టుకోవడం మొదలుపెట్టారు. బయటి నుంచి చూసేవాడికి సోకు మాత్రమే కనిపించేది ఈ చివరి దశలోనే.

రెండో ఉదాహరణ ఇంకా విడమరిచి చెప్పదగ్గది. 1938 నుంచి 1940 వరకు ఫోర్డ్ ఒకే ఏడాది రెండు ముఖాలు అమ్మింది. ధర ఎక్కువైనది డీలక్స్, తక్కువైనది స్టాండర్డ్. 1938 డీలక్స్ రూపాన్ని కొద్దిగా సర్ది 1939 స్టాండర్డ్‌కు ఇచ్చారు. 1939 డీలక్స్ రూపం 1940లో స్టాండర్డ్‌కు దిగింది. అన్నయ్య చొక్కా తమ్ముడికి తొడిగినట్టు. అంటే ముఖాలు అటూ ఇటూ మార్చవచ్చని జనానికి నేర్పింది ఫ్యాక్టరీయే. వెనక బాడీ, తలుపులు, కప్పు ఇంచుమించు ఒకటే అయినప్పుడు, ఏడాదిని చూపేది ముఖం ఒక్కటే అయినప్పుడు, రెంచి చేతిలో ఉన్న కుర్రాడు ఊరుకుంటాడా?

1939 బాడీకి 1940 డీలక్స్ ముఖం పెట్టుకోవడానికి వెలుతురు కూడా ఒక కారణం. 1940లో హెడ్‌లైట్లకు సీల్డ్ బీమ్ వచ్చింది. పాత బల్బు, అద్దం, డోము విడివిడిగా ఉండే లైట్ల కన్నా రాత్రిపూట దారి బాగా కనిపించేది. అయితే ఆ కార్లలో లైట్లు కూర్చునేది మడ్‌గార్డుల్లో. కాబట్టి లైట్లు కావాలంటే మడ్‌గార్డులు, మడ్‌గార్డులు కావాలంటే బానెట్టు, బానెట్టు కావాలంటే జాలీ. కామవరపుకోట మేస్త్రీ చెప్పిన 'జతగా' అన్న మాటకు అక్కడా అదే అర్థం.

దీనికి యుద్ధం తోడైంది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో సొంత వాడకానికి కార్ల తయారీ ఆపేశారు. 1945 దాకా కొత్త కారు లేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాడి ముందున్నది ముందరి దశాబ్దం బండ్లే. ముందు భాగం గుద్దుకున్న బండి ఒకటి, వెనక భాగం గుద్దుకున్న బండి ఒకటి. రెంటినీ కలిపితే ఒకటి నడుస్తుంది. గుద్దుకునేది ఎక్కువగా ముందు భాగమే కాబట్టి, మార్చాల్సి వచ్చేదీ ఎక్కువగా ముందు భాగమే.

పూర్తిగా వేరే కంపెనీ ముఖం తెచ్చి పెట్టినవాళ్లూ ఉన్నారు. శాక్రమెంటోలో హ్యారీ వెస్టర్‌గార్డ్ ఫోర్డ్, మెర్క్యురీ బండ్లకు ప్యాకార్డ్ జాలీలు అమర్చాడు. అది కళ. కొలత కుదరని దాన్ని కోసి, వంచి, కుదిరించే పని. ఈ వ్యాసం దాని గురించి కాదు. తోబుట్టువుల్లాంటి బండ్ల మధ్య మార్పిడికి అంత నేర్పు అక్కర్లేదు, ఓపికా తిన్నని కన్నూ ఉంటే చాలు. అందుకే అది అంతగా పాకింది.

జపాన్‌లో జరిగింది కూడా ఇదే. నిస్సాన్ సిల్వియా, 180 ఎస్ఎక్స్ ఒకే అడుగు మీద తయారైన అక్కచెల్లెళ్లు. 180 ఎస్ఎక్స్‌కు రెప్పలెత్తే హెడ్‌లైట్లు. అవి బరువు, ఖరీదు. కొండదారుల్లో బండిని పక్కకు జారుస్తూ నడిపే కుర్రాళ్లు ముందు భాగాన్ని తరచూ గుద్దుకునేవారు. బాగు చేయించేటప్పుడు ఆ లైట్లు మళ్లీ కొనే బదులు చవకైన, తేలికైన సిల్వియా ముఖం పెట్టేవారు. ఆ కలగాపులగం బండికి 'సిల్‌ఎయిటీ' అని పేరు పడింది. 1998లో కిడ్స్ హార్ట్ అనే సంస్థ నిస్సాన్ ఒప్పుదలతో అలాంటివి దాదాపు 500 తయారు చేసి అమ్మింది. మరమ్మతుగా పుట్టినది మోడలై కూర్చుంది. నా వాదనకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మన సంగతి. ఫోర్డ్ 1926లోనే మన దేశంలో కంపెనీ పెట్టింది. 1953లో ప్రభుత్వం, ఇక్కడ తయారు చేసే పథకం ఉన్నవాళ్లే ఉండాలి, విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మేవాళ్లు వెళ్లిపోవాలి అన్నది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ మూటాముల్లె సర్దుకున్నాయి. మిగిలినవి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్, జీపులకు మహీంద్రా. ముప్పై ఏళ్ల పాటు మన రోడ్ల మీద తిరిగినవి ఇవే. ఇన్ని తక్కువ రకాల బండ్లు, ఇన్ని ఎక్కువ ఏళ్లు, ఇంత కొద్ది మార్పులతో తిరిగిన దేశం ఇంకోటి చెప్పడం కష్టం. షో మార్పిడికి ఇంతకన్నా అనువైన నేల ఉండదు.

అంబాసిడర్ వంశం చూడండి. 1954లో ల్యాండ్‌మాస్టర్. 1950ల చివరికి, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో అంబాసిడర్. 1960ల మొదట్లో గళ్ల జాలీతో మార్క్ టూ. 1975లో జాలీ, డ్యాష్‌బోర్డు మారి మార్క్ త్రీ. 1979లో మార్క్ ఫోర్: జాలీ చిన్నదై చదరంగా వచ్చింది, పార్కింగ్ లైట్లు, ఇండికేటర్లు విడివిడి అయ్యాయి, వాటికోసం బానెట్టు ముక్కు కూడా మార్చారు. 1980లో డీజిల్ ఇంజను. 1990లో నోవా. 1990ల మొదట్లో ఇసుజు 1800 పెట్రోల్ ఇంజను, అయిదు గేర్లు. 2014 మేలో తయారీ ఆగిపోయింది. ఇన్నేళ్లలో కప్పు, తలుపులు, మొత్తం గూడు ఇంచుమించు ఒకటే. కారణం డబ్బు. రేకును అచ్చులో నొక్కి తలుపో కప్పో తీయాలంటే పెద్ద అచ్చులు కావాలి. అవి మార్చడం కోట్ల పని. జాలీ మార్చడం చిన్న పని. కాబట్టి కంపెనీ తన 'కొత్త'దనాన్నంతా తెచ్చి ముక్కు మీద పెట్టింది. బండి వయసు చెప్పే క్యాలెండరు ముక్కు మీదికి చేరింది.

మా పెదనాన్నగారికి మార్క్ త్రీ ఉండేది. 1980ల చివర్లో ఒక రాత్రి తడికలపూడి దాటాక గేదె అడ్డొచ్చింది. మనిషికేం కాలేదు, గేదె కూడా లేచి వెళ్లిపోయింది, బండి ముఖం మాత్రం లోపలికి పోయింది. ఏలూరులో వాకబు చేస్తే మార్క్ త్రీ జాలీ దొరకలేదు. విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే మార్క్ ఫోర్ సెట్టు దొరికింది. జాలీ, బానెట్టు, లైట్లు, బంపరు కలిపి ఒక గడ్డిమోపులో చుట్టి బస్సు టాపు మీద వేసుకొచ్చారు. టింకరింగ్ చేసి, లప్పం పెట్టి, రంగు వేయడానికి పన్నెండు రోజులు పట్టింది. బండి బయటికి రాగానే ఊళ్లో అందరూ "కొత్త కారు కొన్నారా?" అని అడిగారు. అదే బండి, అదే నంబరు, అవే తలుపులు, వెనక సీటుకు అదే చిరుగు. పెదనాన్నగారు అడిగిన ప్రతివాళ్లకూ నిలబెట్టి గేదె కథ మొదటి నుంచీ చెప్పేవారు. జనం బండిని కాదు, ముఖాన్ని గుర్తుపడతారని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన చెప్పారు. చెప్పనివాళ్లూ ఉంటారు. టాక్సీ నడిపేవాళ్లకు మార్క్ ఫోర్ ముఖం ఉంటే పెళ్లిళ్ల సీజన్లో బేరం తొందరగా కుదిరేది. అమ్ముకునేవాళ్లకు నాలుగు రూకలు ఎక్కువ వచ్చేవి. ఈ పనిలో మోసం ఉంటే అది ఇక్కడే ఉంది. కొనేవాడికి చెప్పకపోవడంలో ఉంది, మార్చడంలో లేదు. ఛాసిస్ నంబరు, ఆర్.సి. చదవడం తెలిసినవాడు ముక్కు చూసి మోసపోడు. ఫియట్ 1100 డిలైట్, 1972 నాటి ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని, వీటి మధ్యా ఇదే జరిగింది. బాడీ ఒకటే, పేరూ ముఖమూ వేరు.

ఆటోనగర్ ఊసు వచ్చింది కాబట్టి లారీల గురించి ఒక్క మాట. 1960లలో మొదలైన ఆ ఆటోనగర్‌కు లారీలు ఛాసిస్ మాత్రమే వచ్చేవి. క్యాబిన్, తొట్టి అక్కడే కట్టేవారు. కోస్తాలో తిరిగిన లెక్కలేనన్ని లారీల ముఖాలు అక్కడి వడ్రంగులు, టింకర్లు, పెయింటర్ల చేతుల్లోంచి వచ్చినవే. టాటా బండ్ల మీద 1954 నుంచి 1969 వరకు మెర్సిడెస్ నక్షత్రం ఉండేది. ఆ కంపెనీతో ఒప్పందం అయిపోయాక నక్షత్రం పోయింది, బండి అలాగే ఉంది. లారీ ముఖాన్ని మొదట్నుంచీ కట్టగలిగిన చేతులకు కారు ముక్కు మార్చడం ఒక లెక్కా? హాట్‌రాడ్ అనే మాట వినకుండానే మన మేస్త్రీలు ఆ విద్యలో ఆరితేరడానికి లారీయే బడి.

జీపు కథ కొంచెం వేరు, నాకు బాగా ఇష్టమైనది కూడా. మెట్ట ప్రాంతంలో పొగాకు రైతుకూ, ఏజెన్సీ ఊళ్లకు పోయే కూలీకీ, ఎన్నికల్లో నిలబడినవాడికీ జీపే దిక్కుగా ఉన్న రోజులు నేను చూశాను. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుకు బానెట్టు కిందికి ఉంటుంది. 1953లో వచ్చిన సీజే-3బీలో బానెట్టు ఎత్తు. ఎందుకంటే అందులో పెట్టిన హరికేన్ ఇంజను పాతదాని కన్నా ఎత్తు. కొత్త ఇంజనుకు చోటు కోసం బానెట్టును పైకి లేపారు. ముఖం మళ్లీ ఇంజను చెప్పినట్టే విన్నది. మన దేశంలో మహీంద్రా దశాబ్దాల పాటు తయారు చేసింది ఈ ఎత్తు బానెట్టు జీపునే. రెంటికీ చక్రాల మధ్య దూరం ఒకటే, 80 అంగుళాలు. అందుకే ఎత్తు బానెట్టు జీపుకు 'లో బానెట్' ముఖం పెట్టాలన్న కోరిక పుట్టింది. హర్యానాలో మండీ డబ్వాలీ ఆ పనికి పేరు పడింది. యుద్ధకాలపు జీపు పోలికతో బండ్లు కట్టి ఇస్తారు.

కానీ ఇక్కడ మార్పిడి అంబాసిడర్ అంత తేలిక కాదు. బానెట్టు దించాలంటే కింద ఇంజను దిగాలి, లేదా పొట్టి ఇంజను దొరకాలి. జాలీ చువ్వలు లెక్కపెట్టి కొనేవాళ్లుంటారు. యుద్ధకాలంలో ఫోర్డ్ రేకును నొక్కి చేసిన జాలీకి తొమ్మిది చీలికలు, 1945లో వచ్చిన పౌరుల జీపుకు లైట్లు పెద్దవై చీలికలు ఏడయ్యాయి. కాబట్టి తొమ్మిది చీలికల ముఖంతో ఎత్తు బానెట్టు కనిపిస్తే, అది రెండు కాలాలు కలిసిన బండి.

ముఖానికి ఎంత విలువుందో మహీంద్రాకు అమెరికాలో తెలిసొచ్చింది. 2018లో అక్కడ 'రాక్సర్' అనే బండి తెచ్చింది. రోడ్డెక్కేది కాదు, పొలాల్లో, అడవి దారుల్లో తిరిగేది. జీపు పేరు సొంతం చేసుకున్న ఫియట్ క్రైస్లర్ కంపెనీ, ఇది మా ముఖం అంటూ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఎక్కింది. 2020లో కమిషన్ ఆ రూపంలో అమ్మకాన్ని ఆపేసింది. మహీంద్రా ముందు భాగాన్ని తిరిగి గీయించి అమ్మింది. డెబ్భై ఏళ్లకు పైగా జీపు చేస్తున్న కంపెనీ కూడా షో మార్చుకోక తప్పలేదు.

ఇంతవరకు చెప్పినది ముఖం. దాని కింద ముందు కాళ్లున్నాయి. హాట్‌రాడ్ వాళ్లు 'ముందు భాగం మార్చాం' అంటే చాలాసార్లు జాలీ సంగతి కాదు, యాక్సిల్, స్ప్రింగు, బ్రేకు, స్టీరింగు సంగతి. ఈ రెంటినీ కలిపి మాట్లాడడం వల్లే ఈ విషయంలో ఇంత గందరగోళం.

ఫోర్డ్ 1938 దాకా బ్రేకులను కడ్డీలతో లాగించింది. మరుసటి ఏడాది నుంచి హైడ్రాలిక్ బ్రేకులు పెట్టింది. 1939 నుంచి 1948 వరకు వచ్చిన ఆ బ్రేకులు పాత యాక్సిళ్ల మీద పెద్ద మార్పు లేకుండా కూర్చుంటాయి. వీ-8తో పరిగెత్తే ఏ మోడల్ ఆగాలి కదా. పందేల కుర్రాళ్లకు ఇది ప్రాణరక్షణ. తర్వాతి తరంలో 1974 నుంచి 1978 వరకు వచ్చిన మస్టాంగ్ టూ ముందు సస్పెన్షన్ పాత కార్లకు పెట్టడం మొదలైంది. ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు, చిన్న కొలత, డిస్క్ బ్రేకులు దొరకడం దానికి కారణం. ఇంకొందరు తిన్నగా పోయే పందేల కోసం ఉన్న మంచి సస్పెన్షన్ తీసేసి, పాత లారీల కడ్డీ యాక్సిల్ పెట్టి ముక్కు పైకి లేపారు. బయల్దేరేటప్పుడు బరువు వెనక చక్రాల మీదికి పోయి పట్టు దొరకాలని. ప్రతి మార్పు వెనకా ఒక లెక్క ఉంది.

మన అంబాసిడర్‌కు ముందు స్ప్రింగులుండవు. టార్షన్ బార్లుంటాయి. పొడవాటి ఉక్కు కడ్డీ, ఒక చివర గూటికి బిగించి, ఇంకో చివర చక్రం చేతికి తగిలించి ఉంటుంది. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలి తిరుగుతుంది. ఆ మెలి విప్పుకునే బలమే బండిని మోస్తుంది. ఆ కడ్డీకి వెల్డింగ్ తగిలిందా, ఆ వేడికి ఉక్కు గుణం పోతుంది, ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. తర్వాతి నమూనాల డిస్క్ బ్రేకు హబ్బు పాత బండికి వేయించడం మంచిదే, అయితే అది చేయాల్సింది బ్రేకు లెక్క తెలిసినవాడు. ముందు చక్రాలు మాత్రమే గట్టిగా పట్టి, వెనకవి పాతవే ఉంటే, తడిరోడ్డు మీద ముందు చక్రాలు బిగుసుకుపోయి బండి స్టీరింగు మాట వినదు. స్టీరింగ్ కడ్డీ పొడవు, ఎత్తు సస్పెన్షన్‌తో కుదరకపోతే గుంటలో పడ్డప్పుడల్లా చక్రం దానంతట అదే తిరుగుతుంది. షో తప్పితే బానెట్టు సరిగా మూసుకోదు. యాక్సిల్ తప్పితే మనుషులు పోతారు. ఈ రెండు పనులకూ ఒకే మేస్త్రీ, ఒకే ధైర్యం సరిపోతాయని ఎవరూ అనుకోవద్దు.

చట్టం కూడా ఈ తేడా చుట్టూనే తిరుగుతోంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలో తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆర్.సి.లో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, బాడీ రకం, రంగు, చక్రాల మధ్య దూరం, ఖాళీ బండి బరువు ఉంటాయి. జాలీకి గడి లేదు. అలాగని ఎవరికివారు తీర్పు చెప్పుకోవద్దు. పని మొదలుపెట్టే ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారిని కలిసి అడిగితే తర్వాత తిరగడం తప్పుతుంది.

మేస్త్రీ చెప్పిన 'అటుది ఇటు' అన్న మాటకు ఒక కారణం 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధన కావచ్చు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకపు బండ్లను వింటేజ్ బండ్లుగా నమోదు చేసుకోవచ్చు. నంబరు పలకలో 'వీఏ' అక్షరాలుంటాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ తీసుకెళ్లవచ్చు. షరతు ఒకటుంది. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ గూడు, ఇంజనులో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. 1975కు ముందటి మార్క్ టూలకు ఇప్పుడు యాభై నిండాయి. వాటిలో కొన్నిటికి 1980లలో మార్క్ ఫోర్ ముఖం వచ్చింది. ఇప్పుడు వాటి యజమానులు సొంత ముఖం కోసం వెతుకుతున్నారు. వెతుకుతుంటే దొరకడం లేదు. అప్పట్లో ఊడదీసిన షోలు పాత ఇనుము కొనేవాళ్ల తక్కెడలో తూగిపోయాయి.

ఇది మాత్రం నాకు బాధగా ఉంది. మార్క్ ఫోర్ బండికి మార్క్ టూ ముఖం తొడిగితే అది మార్క్ టూ కాదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అంతే. కానీ అలా తొడిగే ప్రతి జతా, ఎక్కడో నిజమైన మార్క్ టూకు దక్కాల్సిన జత. మన జిల్లాలో పాత బండి ఉన్నవాళ్లు మార్చే ముందు ఈ ఒక్క సంగతి ఆలోచించాలని నా మనవి. అసలు బండికి అసలు ముఖం ఇచ్చాక మిగిలితే, అప్పుడు ముచ్చట తీర్చుకోవచ్చు. మరమ్మతు కోసం మార్చినవాళ్లను నేను తప్పు పట్టను. మా పెదనాన్నగారు చేసింది అదే.

మళ్లీ వారం తిరిగాక ఆ షెడ్డుకు వెళ్లాను. బండి పూర్తయి వెళ్లిపోయింది. విప్పిన మార్క్ ఫోర్ షో మాత్రం అక్కడే ఉంది. మేస్త్రీ దాన్ని తుక్కుకు వెయ్యలేదు. జాలీ వెనక బండి నంబరు ఎర్ర పెయింటుతో రాసి, బానెట్టుతో కలిపి గోనెలో చుట్టి, రేకుల కింద దూలానికి కట్టాడు. మీ కొట్టంలోనో అటక మీదో అలాంటి పాత ముక్కు ఏదైనా పడి ఉంటే, కిలోల లెక్కన అమ్మెయ్యకండి. ఏ బండిది, ఏ ఏడు విప్పారు అన్న రెండు ముక్కలు రాసి దాని మీద కట్టండి.